మజిలీల లెక్క

పెద్ద జబ్బు చేసిన మనిషి చేతుల్లోంచి పనులు ఒక్కొక్కటే వెళ్ళిపోతాయి. ముందు కారు తాళాలు, తరవాత వంటగది, ఆపైన బిల్లులు కట్టడం, పిల్లల ఫీజుల లెక్కలు. ఎవరూ లాక్కోరు. "నువ్వు పడుకో, మేం చూసుకుంటాం" అని ప్రేమగానే తీసుకుంటారు. నాకు లింఫోమా అనే క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి మా ఇంట్లో నేనొక పక్క, నన్ను కనిపెట్టుకుని ఉండేవాళ్ళొక పక్క అయిపోయాం. చికిత్స ముగిసింది. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. జుట్టు మళ్ళీ మొలిచింది. ఆ రెండు పక్కలూ మాత్రం కలవలేదు. మంచినీళ్ళకని నేను లేచినా మా ఆయన, అమ్మాయి, అబ్బాయి, నా కోసం తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ, అందరూ తలెత్తి చూసేవారు. కోలుకున్నావని డాక్టరు చెబితే చాలదని నాకు అప్పుడు తెలిసింది. ఇంట్లో నా పనులు నాకు తిరిగి రావాలి.

మోటార్‌హోమ్‌లో అందరం కలిసి ఎటైనా వెళ్దామని నేను అన్నది అందుకే. ఊళ్ళు చూడాలన్న కోరిక లేదని కాదు. కానీ ఈ ప్రయాణం ఏర్పాటు మొదటి నుంచి చివరి దాకా నేనే చెయ్యాలన్న పట్టుదల దానికంటే పెద్దది.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన. మా వీధిలోనే రెండు మూడు ఇళ్ళ పక్కన ఇలాంటి బళ్ళు కవర్లు కప్పుకుని ఉంటాయి. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉండే బండి అది. బస్సంత పెద్దదాన్ని ఎ క్లాస్ అంటారు. వ్యానులోనే అన్నీ ఇమిడ్చింది బి. డ్రైవరు తలమీదికి ముందుకు పొడుచుకొచ్చిన మంచంతో ఉండేది సి. కుటుంబాలు ఎక్కువగా అద్దెకు తీసుకునేది ఈ సి క్లాసునే. పాతిక అడుగుల బండైనా మామూలు కారు లైసెన్సు చాలు. లోపల మూడు ట్యాంకులుంటాయి: మంచినీళ్ళది, వాడిన నీళ్ళది, మరుగుదొడ్డిది. క్యాంపుగ్రౌండులో ఆపగానే కరెంటు తీగ, నీళ్ళ గొట్టం తగిలించుకోవాలి. బయలుదేరే ముందు మురికి ట్యాంకులు ఖాళీ చెయ్యాలి. ఆ ఆఖరి పని మా అబ్బాయి తనంతట తానే తీసుకున్నాడు.

బంధువులు చాలామంది ఆశ్చర్యపోయారు. విమానమెక్కి హవాయి పోయి హాయిగా హోటల్లో పడుకోక ఈ అవస్థేమిటన్నారు. ఇంకొందరు, "జబ్బు తగ్గింది కదా, చూడాల్సినవన్నీ తొందరగా చూసెయ్యండి" అన్నారు. ప్రేమతోనే అన్నారని తెలుసు. కానీ ఆ తొందర నాకు నచ్చదు. చూడాల్సినవన్నీ చూసెయ్యమనడంలో వెళ్ళిపోయే మనిషికిచ్చే సలహా దాగి ఉంది. నేను ఉండబోయే మనిషిలా ప్రయాణం చెయ్యాలనుకున్నాను. ఒక్క చోటికి, నెమ్మదిగా, మిగతావి మరో ఏడాదికి వదిలిపెట్టి.

మోటార్‌హోమే ఎందుకంటే, దానికి జవాబు నా ఒంట్లో ఉంది. నాకిచ్చిన మందుల కలయికను ఆర్-చాప్ అంటారు, అయిదు మందుల పేర్ల మొదటి అక్షరాలు కలిపి. మామూలుగా 21 రోజులకొకసారి ఇస్తారు. అందులో ఒకటి విన్‌క్రిస్టిన్. అది బిళ్ళగన్నేరు మొక్క నుంచి వచ్చిన మందు. అమెరికాలో దాని వాడకానికి 1963లో అనుమతి దొరికింది. తెనాలిలో మా పెరటి గోడవారన, ఎవరూ నీళ్ళు పొయ్యకుండానే ఏడాది పొడుగునా పూసే మొక్క. ఆ సంగతి చెప్పినప్పుడు అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఇంటికి ఫోన్ చేసి, కింద అద్దెకున్నవాళ్ళతో ఆ మొక్కల్ని పీకొద్దని చెప్పింది.

నన్ను బతికించిన మందుల్లో ఒకటైన ఆ విన్‌క్రిస్టినే నా అరికాళ్ళలో స్పర్శ కొంత తీసుకుపోయింది. నరాల మీద అది అలా పనిచేస్తుంది. కొందరికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. నాకు మిగిలింది. చెప్పు కాలి నుంచి జారిపోయినా ఒక్కోసారి తెలియదు. అంటే పెడల్ మీద కాలు ఎంత బరువు వేసిందో కూడా కచ్చితంగా తెలియదన్నమాట. కాబట్టి పాతిక అడుగుల బండి స్టీరింగు నాది కాదు. కారు నడపడమంటే నాకు ప్రాణం. ఆ సీటు వదులుకోవడానికి చాలా బాధపడ్డాను. కానీ ఎక్కడ బయలుదేరాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఎన్నాళ్ళుండాలి అన్నవి మిగిలే ఉన్నాయి. అవి నావి.

అలసట సంగతి జబ్బు చెయ్యనివాళ్ళకి చెప్పడం కష్టం. పనిచేస్తే వచ్చే అలసట కాదిది. బాగానే ఉన్న మనిషికి, మాట మధ్యలో, దీపం ఆర్పినట్టు శక్తి ఆరిపోతుంది. అప్పుడు కావలసింది ఒక మంచం, ఒక మరుగుదొడ్డి, నలుగురి చూపుల నుంచి కాస్త చాటు. హోటల్లో మధ్యాహ్నం మూడింటికి గాని గది ఇవ్వరు. బంధువులింటికి వెళితే అన్నిటికంటే మంచి గది నాకే ఇస్తారు, తలుపు దగ్గరగా వేసి బయట గొంతులు తగ్గించి మాట్లాడుకుంటారు. ఆ గుసగుసల కంటే నాకు బండి పెద్ద ఇంజను మోతే నయం. మోటార్‌హోమ్‌లో నేను ఎవరికీ చుట్టాన్ని కాను. నా దుప్పటి, నా పెరుగు, నా మందుల డబ్బా నాతోనే కదులుతాయి. ఒంటికి బాగాలేకపోతే నేను వెనక్కి వెళ్ళి పడుకుంటాను, మిగతావాళ్ళు బయట కుర్చీలేసుకుని కూర్చుంటారు. నా వల్ల ఎవరి సాయంత్రమూ పాడవదు. ఈ ఒక్కటీ నాకు ఎంత ముఖ్యమో మా వాళ్ళకి విడమరచి చెప్పాల్సి వచ్చింది.

అయితే ఇక్కడొక చిక్కుంది. వెనక మంచం ఉంది కదా, అలసిపోతే పడుకునే వెళ్ళొచ్చనుకుంటారు అందరూ. బండి కదులుతున్నప్పుడు మంచం మీద పడుకోవడం ప్రమాదం. ఒక్కసారి గట్టిగా బ్రేకు వేస్తే మనిషి ఎక్కడికి ఎగిరిపడతాడో తెలియదు. బెల్టు ఉన్న సీట్లోనే కూర్చోవాలి. అంటే ఆ మంచం బండి ఆగినప్పుడే నాది. ఈ చిన్న విషయమే మా ప్రయాణం రూపమంతా నిర్ణయించింది. రోజుకి ఎన్ని మైళ్ళు పోగలమన్నది బండి శక్తిని బట్టి కాక, నేను కూర్చోగలిగిన గంటలను బట్టి లెక్కవేశాను.

మోటార్‌హోమ్ వాళ్ళలో 3-3-3 అని ఒక పద్ధతి ఉంది: రోజుకి 300 మైళ్ళు మించకూడదు, సాయంత్రం 3 గంటలకల్లా చేరిపోవాలి, చేరినచోట 3 రోజులుండాలి. ఇంకా నెమ్మదివాళ్ళకి 2-2-2.  నేను ఈ రెండోదే తీసుకున్నాను. మా అబ్బాయికి మొదట చిరాకేసింది. కారులో పొద్దున బయలుదేరితే రాత్రికి చేరే చోటికి నాలుగు అంగలా అన్నాడు. ఒక్కొక్క ఊళ్ళో ఏముందో చూసి చెప్పే పని వాడికే అప్పగించాను. రెండు రోజుల తరవాత, "అమ్మా, ఇక్కడ ఇంకో రాత్రి ఉంటే ఏం?" అని వాడే అడిగాడు.

కీమో కుర్చీలో కూర్చున్న రోజుల్లో నేను చదివిన పుస్తకాల్లో ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర ఒకటి. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరుగా చేసిన ఆయన 1830 మే 18న కుటుంబంతో, దాదాపు వందమంది పరివారంతో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. ఆ పుస్తకంలో గుళ్ళూ గోపురాల సంగతులు ఉన్నాయి గాని, నన్ను పట్టుకున్నవి వేరే. ప్రతి మజిలీ దగ్గరా ఆయన నీళ్ళెలాంటివి, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా, దారి రాళ్ళదా ఇసుకదా అని రాస్తూ పోతారు. ఒక పెద్ద బలగాన్ని క్షేమంగా నడిపించే మనిషి చూపు అది. తనతో వస్తున్నవాళ్ళలో అందరికంటే బలహీనులైనవాళ్ళు రాత్రికి ఎక్కడ పడుకుంటారు, ఏం తాగుతారు అని పొద్దున్నే ఆలోచించే చూపు. ఆసుపత్రిలో పడుకుని, నన్ను మోసేవాళ్ళ గురించే ఆలోచిస్తున్న నాకు, మళ్ళీ మోసేవాళ్ళ పక్షాన నిలబడాలన్న కోరిక కలిగింది ఆ పేజీల్లోనే. ఇంటికొచ్చాక ఒక నోటుపుస్తకం తీసి ఆయన పద్ధతిలోనే గళ్ళు గీశాను: నీళ్ళు, కరెంటు, కిరాణా, మందుల షాపు, నీడ.

మేం ఎంచుకున్నది న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్. డాలస్ నుంచి 600 మైళ్ళు దాటుతుంది. మొదటి అంగ ఆబిలీన్, సుమారు 180 మైళ్ళు. అక్కణ్ణించి లబ్బక్, 165. టెక్సస్ సరిహద్దు దాటి రాజ్‌వెల్, 175. అక్కడ ఊరికి దగ్గరలో బాటమ్‌లెస్ లేక్స్ అని ఒక స్టేట్ పార్కు ఉంది, 1933 నాటిది, ఆ రాష్ట్రంలో మొట్టమొదటిది. భూమి కుంగి ఏర్పడిన గుండాల్లో నిలిచిన నీలం నీళ్ళు, ఒడ్డున బళ్ళు ఆపుకోవడానికి కరెంటుతో సహా చోటు. అమ్మ ఫోటో చూసి ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టాలంది. అక్కడ రెండు రాత్రులకి బదులు మూడు వేశాను. అక్కణ్ణించి కొండదారి. రుయిడోసో దగ్గర ఎత్తు దాదాపు 7,000 అడుగులు. తరవాత కిందికి దిగి ఆలమగోర్డో. వైట్ శాండ్స్ లోపల మోటార్‌హోమ్‌లు రాత్రి ఉండనివ్వరు. అందుకని ఆలమగోర్డో దిగువన ఆలివర్ లీ స్టేట్ పార్కులో దిగుతాం.

ఎండాకాలం వద్దన్నాను. టెక్సస్ ఎండలో బండి ఏసీ మీద ఆధారపడి బతకడం నా వల్ల కాదు. వసంతంలో అక్కడ గాలిదుమారాలు. అక్టోబరు ఖాయం చేశాను.

వైట్ శాండ్స్ ఎందుకంటే, అక్కడి ఇసుక జిప్సం. 275 చదరపు మైళ్ళ తెల్లని దిబ్బలు. మామూలు ఇసుకలా ఎండకి కాలదు, వేసవిలో కూడా ఒట్టి కాళ్ళతో నడవొచ్చు. అరికాళ్ళు మొద్దుబారిన మనిషికి ఇది చిన్న విషయం కాదు. సముద్రతీరంలోనో, గుడి బండల మీదో మధ్యాహ్నం పూట నడిస్తే చర్మం కాలినా నాకు తెలియదు. బొబ్బ లేచాక చూసుకుని తెలుసుకోవాలి. ఆ భయంతో ఇంట్లో కూడా చెప్పులతోనే తిరుగుతున్నాను. చెప్పులు విప్పి మా అమ్మాయి చెయ్యి పట్టుకుని నడవగలిగే నేల ఒకటి ఉందని చదివినప్పుడు, ఇంక వేరే చోటు వెతకలేదు.

ఆ నేలకి ఇంకో చరిత్ర కూడా ఉంది. చుట్టూ క్షిపణి పరీక్షల ప్రాంతం. పరీక్ష ఉన్న రోజున కొన్ని గంటలు రోడ్డు మూసేస్తారు, ముందురోజే చూసుకోవాలి. ఆ ప్రాంతం ఉత్తరపు కొసనే 1945 జులై 16న మొట్టమొదటి అణుబాంబును పేల్చి చూశారు. ఆ తెల్లటి ఇసుక ఫోటోల పక్కన ఈ మాట చదివి నేను కాసేపు ఆగిపోయాను. ఎందుకంటే ఆర్-చాప్‌లోని ఇంకో మందు సైక్లోఫాస్ఫమైడ్‌కి పూర్వీకులు యుద్ధంలో వాడే విషవాయువులే. మస్టర్డ్ గ్యాస్ జాతికి చెందిన నైట్రోజన్ మస్టర్డ్‌ను 1942లో యేల్ విశ్వవిద్యాలయంలో లింఫోమా రోగికి మొదటిసారి ఇచ్చి చూశారు. యుద్ధరహస్యం గనక ఆ ఫలితాలు 1946 దాకా బయటికి చెప్పలేదు. మనుషుల్ని చంపడానికి చేసిన పరిశోధనలోంచి వచ్చినది నా రక్తంలో తిరిగి నన్ను నిలబెట్టింది. దీన్ని తలుచుకుంటే కృతజ్ఞత, భయం రెండూ కలిసే వస్తాయి. విడదీయాలని ప్రయత్నించడం మానేశాను.

జబ్బు తరవాత ఇలా ఇల్లు కట్టుకుని రోడ్డెక్కినవాళ్ళలో ప్రసిద్ధుడు రచయిత జాన్ స్టైన్‌బెక్. 1959 చివరలో ఆరోగ్యం దెబ్బతింది. 1960లో, 58 ఏళ్ళ వయసులో, ట్రక్కు మీద చిన్న గది కట్టించుకుని, దానికి డాన్ కిహోటే గుర్రం పేరు రోసినాంటె అని పెట్టుకుని, చార్లీ అనే కుక్కతో అమెరికా చుట్టి వచ్చాడు. ఆ ప్రయాణం మీద రాసిన పుస్తకం నాకిష్టం. కానీ జబ్బుమనిషిగా బతకనని తనకి తాను రుజువు చేసుకోవడానికి ఒంటరిగా వెళ్ళిన ప్రయాణం అది. నేను రుజువు చెయ్యాల్సిందేమీ లేదు. ఈ జబ్బు నా ఒక్కదానికే రాలేదు. మా అబ్బాయి ఒక ఏడాదంతా స్నేహితుల్ని ఇంటికి పిలవలేదు, ఎవరి జలుబు నాకు అంటుకుంటుందోనని. మా అమ్మాయి నా బ్లడ్ కౌంటు అంకెలు పరీక్షల మార్కుల్లా కంఠస్థం చేసింది. వాళ్ళు కూడా కోలుకోవాలి. నేను ఒంటరిగా ఎంత దూరం పోయి వచ్చినా వాళ్ళు కోలుకోరు.

అందరిలోకీ ఆలస్యంగా కోలుకుంటున్నది మా ఆయన. పైకి అన్నిటికీ సరేనన్నారు. కానీ ఒక రాత్రి ఆయన కంప్యూటర్లో ఒక మ్యాపు చూశాను. దారి పొడుగునా ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రులన్నిటికీ ఎర్ర గుర్తులు పెట్టుకున్నారు. ఒక దానికీ ఇంకో దానికీ మధ్య ఎన్ని నిమిషాలో రాసుకున్నారు. ఫోన్ సిగ్నల్ అందని చోట్లకి నల్లగీతలు. నాకు ముందు కోపం వచ్చింది. నేను నీలం గుండాలూ తెల్లని దిబ్బలూ చూస్తున్న దారిలో ఆయనకి కనబడుతున్నది ఇదా అని. తరవాత ఆ నిమిషాల అంకెలు చూస్తూ కూర్చున్నాను. కీమో రోజుల్లో జ్వరం 100.4 దాటితే ఏ వేళైనా సరే ఆసుపత్రికి పరుగెత్తాలి. అలా అర్ధరాత్రి కారు నడిపింది ఆయనే. నాకు జ్వరంలో ఏమీ గుర్తులేదు. ఆ రోడ్డు ఆయన ఒక్కరికే గుర్తుంది.

"మీ మ్యాపు నాకివ్వండి" అన్నాను.

ఆయన కాస్త సిగ్గుపడ్డారు. "నువ్వు చూసి భయపడతావని..."

"భయానికి కాదు. నా మజిలీలు దీనిమీదే వేసుకుంటాను."

రెండూ కలిపాం. ఆసుపత్రికి గంటన్నర కంటే దూరంగా ఉన్న మజిలీ ఒకటి నేను తీసేశాను. అవసరం లేని రెండు గుర్తులు ఆయన తీసేశారు. నా చికిత్స వివరాలు ఒక పేజీలో రాసిమ్మని డాక్టరుగారిని అడిగాం: జబ్బు పేరు, ఇచ్చిన మందులు, మోతాదులు, గుండె ఎకో ఫలితం. ఆర్-చాప్‌లోని రితుక్సిమాబ్ ప్రభావం చికిత్స అయ్యాక కూడా నెలల తరబడి ఉంటుంది, అందాకా రోగనిరోధక శక్తి పూర్తిగా తిరిగి రాదు. కొత్త ఊళ్ళో కొత్త డాక్టరు అది మొదటి నిమిషంలో తెలుసుకోవాలి. ఆ పేజీ ప్రతి ఒకటి బండిలో, ఒకటి నా సంచిలో, ఒకటి అబ్బాయి ఫోన్లో. ఇలా రాసిపెట్టుకున్నాక మా ఆయన నిద్ర కొంచెం బాగుపడింది. భయపడొద్దని నేను ఎన్నిసార్లు చెప్పినా కాని పని, ఆ భయానికి తగిన పనేదో చేసి పెడితే అయింది.

అమ్మకి కొండల మీద పప్పు ఉడకదేమోనని దిగులు. నిజమే, 7,000 అడుగుల ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి, కందిపప్పుకి అది చాలదు. కుక్కరు తీసుకెళ్దామన్నాను. గ్యాస్ పొయ్యి ఉంటుంది గనక ఇబ్బంది లేదు. ఆవిడ ఇన్సులిన్‌కి ఫ్రిజ్ ఉంది. కరెంటు లేనిచోట గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ ఉన్న బండినే అడిగి తీసుకున్నాం. ఇన్ని నెలలూ నాకు మెత్తగా, కారం లేకుండా వండిపెట్టింది అమ్మ. "అక్కడ మాత్రం నువ్వు వండవే తల్లీ, నేను తింటాను" అంది. మెనూ రాసే పనీ నాకొచ్చింది.

ముందుగా ఇక్కడికి 100 మైళ్ళ దూరంలో ఉన్న టైలర్ స్టేట్ పార్కులో, పైన్ చెట్ల మధ్య, వారాంతంలో ఉండి చూశాం. జబ్బు నుంచి లేచినవాళ్ళెవరైనా ఈ పని తప్పక చెయ్యాలంటాను. కాగితం మీద తెలియనివి అక్కడ తెలిశాయి. బండి మెట్టు నా కాళ్ళకి ఎత్తు ఎక్కువ. కింద ఇంకో పీట, పక్కన పట్టుకోవడానికి కమ్మీ కావాలి. రాత్రి మరుగుదొడ్డి దారిలో నేల దగ్గర చిన్న దీపం ఉండాలి, పాదం ఎక్కడ పడిందో నాకు కంటితో చూస్తేనే తెలుస్తుంది. అయిదుగురు అంత ఇరుకులో ఉంటే ఎవరూ ఎవరినీ కనిపెట్టుకుని ఉండలేరని కూడా అక్కడే తెలిసింది. అందరి చేతుల్లోనూ ఏదో పని ఉంటుంది. రెండో రోజు పొద్దున నేను లేచి టీ పెడుతుంటే ఎవరూ తల తిప్పలేదు. అబ్బాయి గొట్టం చుడుతున్నాడు, అమ్మాయి మ్యాపులో మునిగి ఉంది, మా ఆయన టైర్లలో గాలి చూస్తున్నారు. "నాకు పంచదార లేకుండా" అని మాత్రం అమ్మ లోపలి నుంచి కేకేసింది.

ఇంక తేదీ. నా తరవాతి స్కాన్ అక్టోబరు మొదట్లో. స్కాన్ రిపోర్టు వచ్చాక బుక్ చేద్దామంది అమ్మాయి. బుద్ధిమంతుల మాటే అది. కానీ క్యాంపుగ్రౌండులు నెలల ముందే నిండిపోతాయి. పైగా నాకు ఇకముందు ప్రతి కొన్ని నెలలకీ ఏదో ఒక పరీక్ష ఉండనే ఉంటుంది. ప్రతిసారీ రిపోర్టు వచ్చేదాకా ఆగితే మేం ఎప్పటికీ రిపోర్టుల మధ్యనే బతుకుతాం. డబ్బు ఎంత వరకు వెనక్కిస్తారో, ఎప్పటిలోగా రద్దు చేసుకోవచ్చో చదివి చూసి, రాజ్‌వెల్ దగ్గర మూడు రాత్రులు, ఆలమగోర్డో దగ్గర మూడు రాత్రులు నేనే బుక్ చేశాను. అమ్మాయి పక్కన కూర్చుని కార్డు నంబరు చదివింది. రిపోర్టులో ఏదైనా తేడా వస్తే రద్దు చేస్తాం. ఆ సంగతి ఇంట్లో అందరం కూర్చుని, దాచుకోకుండా మాట్లాడుకున్నాం.

ఇప్పుడు అబ్బాయి వచ్చే వేసవికి యెల్లోస్టోన్ అంటున్నాడు. అక్కడ ఫిషింగ్ బ్రిడ్జ్ అనే చోట మోటార్‌హోమ్‌లకి కరెంటు, నీళ్ళు అన్నీ ఉంటాయట. ఎలుగుబంట్లు తిరిగే చోటు గనక గుడారాలు వెయ్యనివ్వరు, గట్టి గోడలున్న బళ్ళకే అనుమతి. పక్కనున్న యెల్లోస్టోన్ సరస్సు ఎత్తు 7,700 అడుగుల పైనే. ఆర్-చాప్‌లో ఎర్రగా ఉండే ఒక మందు గుండె మీద కూడా ప్రభావం చూపొచ్చు. అంత ఎత్తున వారం పది రోజులుండొచ్చా అని డాక్టరుగారిని అడగాలి. స్కాన్ రోజున అడగాల్సిన ప్రశ్నల కాగితంలో అది కూడా రాసుకున్నాను. దాని పక్కన అబ్బాయి తన అక్షరాలతో, జూన్ అయితే మంచు ఉంటుందా, జులై అయితే జనం ఎక్కువా అని రాశాడు. అది డాక్టరుగారిని అడిగే ప్రశ్న కాదన్నాను. అయినా కొట్టెయ్యలేదు.